పండబెట్టిన బోరు

సాకేత్ రావును తిట్టుకోకుండా రాజేందర్‌కు పొద్దు గూకదు. చాయ్ తాగుతూ తిడతాడు, బండికి కిక్కు కొడుతూ తిడతాడు, వాన రాకపోతే తిడతాడు, వస్తే ఇప్పుడెందుకొచ్చిందని తిడతాడు. కోరుట్ల బస్టాండు దగ్గర బట్టల దుకాణం మీది గదిలో ఏసీ వేసుకుని కూర్చుని, రుద్రంగి రాజేందర్ బోరులో నీళ్లెన్ని ఉన్నాయో నలుగురికీ చాటినవాడు ఆ సాకేత్ రావు. చాటడానికి డప్పు కూడా అక్కర్లేకపోయింది. ఫోనులో ఒక యాప్ సరిపోయింది.

ఇందులో అంతగా ఏడవాల్సిందేముందని పట్నంవాళ్లు అనుకోవచ్చు. రుద్రంగి దిక్కు మనిషి తన అప్పు చెబుతాడు, తన షుగరు చెబుతాడు, కొడుకు తాగుడు గురించి కూడా హోటల్లో నలుగురి ముందు చెప్పుకుని ఏడుస్తాడు. బోరు సంగతి మాత్రం చెప్పడు. ఎవరైనా అడిగితే "పోస్తాంది" అంటాడు, అంతే. నిండుగా పోసేవాడిదీ అదే మాట, గంటకోసారి ఉమ్మేసేవాడిదీ అదే మాట. ఎందుకంటే అక్కడ భూమికి రెండు ధరలు. నీళ్లుంటే పొలం ధర, లేకుంటే చెలక ధర. మన్ను అదే, గట్లు అవే, పాసుబుక్కు అదే. ఆ రెండు ధరలకూ నడుమ ఉన్నదల్లా భూమి కడుపులో, మనిషి కంటికి ఆనని చోట ఉంది. ఆననిదాన్ని ఆననట్టే ఉంచుకోవడం రైతు హక్కని రాజేందర్ నమ్మకం. ఇంటి గుట్టు పోతే నాలుగు రోజులు నవ్వుతారు. బోరు గుట్టు పోతే భూమే పోతుంది.

రాజేందర్ ఏడో తరగతిలో బడి మానేశాడు. మస్కట్‌లో పైపులు మోశాడు. మోకాళ్లు అరిగి తిరిగొచ్చాక, వయసు దాటిందని ఏజెంటు మళ్లీ వీసా మాట ఎత్తలేదు. చేతిలో మిగిలింది, ఎకరానికి నలభై గుంటల లెక్కన, రెండెకరాల పది గుంటలు, అందులో ఒక బోరు. ఆ బోరు మొదట్లో బాగానే పోసింది. రానురానూ ముసలి బర్రె చేపినట్టు తయారైంది. మొదట నలభై నిమిషాలు నిండు పైపు, ఆ తర్వాత గాలి, బురద, మళ్లీ గాలి. ఒకసారి అట్లా నీళ్లు లేకుండా తిరిగి తిరిగి మోటరు కాలిపోయింది.

కాలిన మోటరును బాగు చేయించడానికి సిరిసిల్ల పోయినప్పుడు, దుకాణంవాడు ఫోనుతో నడిచే స్టార్టరు డబ్బా చూపించాడు. డబ్బాలో ఒక సిమ్ము, ఫోనులో 'మోటర్ దోస్తు' అని ఒక యాప్. ఇంట్లో కూర్చుని మోటరు పెట్టొచ్చు, ఆపొచ్చు. నీళ్లు లేకుంటే డబ్బానే మోటరును ఆపేస్తుంది. కాలే భయం లేదు. యాప్‌కు పైసా ఇవ్వనక్కర్లేదు, కోరుట్ల పిల్లగాళ్లు తయారు చేశారు, మనోళ్లే అన్నాడు. ఫోను తీసుకుని పేరు, నంబరు, ఆధార్, సర్వే నంబరు కొట్టుకుంటూ పోయాడు.

"బోరు ఎన్ని ఫీట్లు కాకా?"

"మూడొందల ఎనభై."

"నీళ్లు ఎంతసేపు పోస్తది?"

రాజేందర్ వెనక్కి తిరిగి చూశాడు. దుకాణంలో ఇంకెవరూ లేరు. డాక్టరుకూ యంత్రానికీ అబద్ధం చెబితే మందు పనిచేయదని అతని లెక్క. పెళ్లాం వసంతకు కూడా గంట అని చెప్పుకున్న మనిషి, "నలభై నిమిషాలు, గంతే" అని చెవిలో చెప్పినట్టు చెప్పాడు.

"గీడ ఒప్పుకుంటున్న అని ఒత్తాలె."

"ఏం ఒప్పుకునుడు?"

"ఏం లేదు కాకా. అందరు ఒత్తేదే."

అందరూ ఒత్తేదే కాబట్టి రాజేందర్ కూడా ఒత్తాడు. పొలానికి పోయాక, బోరు పక్కన వేప చెట్టు కింద నిలబడి ఇంకోసారి ఒత్తమని అడిగింది యాప్. నిలబడి ఒత్తాడు. ఆ ఒత్తుడుతో పటం మీద సరిగ్గా అతని బోరు ఉన్న చోట ఒక చుక్క పడింది. పడినట్టు ఎవరూ చెప్పలేదు.

డబ్బా మాత్రం మంచిగా పనిచేసింది. ఆ విషయంలో అబద్ధం ఆడకూడదు. మోటరు మళ్లీ కాలలేదు.

అప్పుడే గిర్ని మాట వచ్చింది. రుద్రంగి బస్సులు ఆగే చోట పెంటయ్యకు పిండి గిర్ని ఉంది. జొన్నలు, పసుపు, మిరపకాయలు, అన్నీ పడతాడు. ఎన్నో ఏళ్ల పిండి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి, పెంటయ్య మాట కంటే ముందు దగ్గే వస్తుంది. యంత్రమూ దుకాణమూ కలిపి ఇచ్చేసి వెల్గటూర్‌లో బిడ్డ దగ్గరికి పోతానని కూర్చున్నాడు. రాజేందర్‌కు ఆ గిర్ని మీద మనసు పడింది. నీడపట్టున పని. మోకాళ్లతో పని లేదు. అన్నిటికంటే ముఖ్యంగా గిర్నికి నీళ్లు అక్కర్లేదు. కొంత బయానా ఇచ్చి మాట తీసుకున్నాడు.

"పున్నం దాక ఆగుత అల్లుడా," అన్నాడు పెంటయ్య దగ్గు ఆపుకుంటూ. "మెట్‌పల్లికెల్లి ఇంకోడు తిరుగుతాండు. పున్నం దాటితె ఆనికిస్త. మల్ల నన్ను అనద్దు."

"పున్నం దాక ఎందుకు మామా, ముందే అత్త."

అట్లా అనడానికి కారణం ఉంది. రాజేందర్ భూమి పక్కనే జగిత్యాల కరుణాకర్ రావు మామిడి తోట. వాళ్లు ఒకప్పటి దొరలు. ఇప్పుడు జగిత్యాలలో ఇల్లు, వ్యాపారం, రుద్రంగిలో తోట. ఆ తోటలో బోర్లన్నీ ఎండిపోయి చెట్లు ఆకు రాలుస్తున్నాయి. బోరున్న ఇరవై గుంటల ముక్క ఇస్తావా, పొలం ధర మీద ఇంకొంచెం వేసి ఇస్తానని కబురు పంపాడు. చెట్లు చస్తుంటే మనిషి ధర చూడడు. ఆ ఇరవై గుంటలు అమ్మితే గిర్ని చేతికొస్తుంది. మిగతా ఎకరం ముప్పై గుంటలు వానాకాలం మక్కకో పత్తికో ఉంటాయి. ఇంత దుకాణం, ఇంత భూమి. రాజేందర్ ఇంతకంటే పెద్ద కోరిక కోరలేదు.

ఆ దిక్కు భూమి అమ్మకంలో నీళ్లు చూపడమని ఒకటుంది. ఇద్దరు పెద్దమనుషులను పెట్టుకుని కొనేవాడు పైపు దగ్గరికి వస్తాడు. మోటరు పెడతారు. ఒక చుట్ట కాలేంతసేపు నిలబడతారు. ధార సన్నబడకపోతే కొనేవాడు దోసిలి పట్టి తాగుతాడు. తాగాడంటే ధర ఖాయం. తర్వాత బోరు ఎండినా, పొంగినా అడగడానికి లేదు.

అందుకే అమ్మేవాడు బోరును ముందుగా పండబెడతాడు. రెండు మూడు రోజులు మోటరు పెట్టడు. అడుగున ఊరిన నీళ్లన్నీ చేరి, చూపే రోజు చచ్చిన బోరు కూడా నిండు పైపు పోస్తుంది. ఇది మోసమని ఎవరూ అనరు. అంగడికి తోలేముందు ఎద్దు కొమ్ములకు నూనె రాసినట్టే. కొనేవాడికీ తెలుసు ఏదో ఒకటి చేస్తారని. ఎంత చేశారో తెలియదు, ఆ తెలియనిదాని మీదే బేరం నడుస్తుంది.

రాజేందర్ కూడా బోరును పండబెట్టాడు. పెంటయ్య గిర్ని ముందు బల్ల మీద కూర్చుని, ఫోను తీసి, మోటర్ దోస్తులోనే బందు ఒత్తాడు. లేచి పొలానికి పోయి ఫ్యూజు పీకే ఓపిక ఉంటే ఈ కథ ఇంకో తీరుగా ఉండేది. మోకాళ్ల నొప్పి మనిషి, చేతిలో ఫోను ఉండగా ఎందుకు నడుస్తాడు? మూడు రోజులు మక్క వాడిపోతోందని వసంత గొణుగుతూనే ఉంది.

కరుణాకర్ రావు కారులో వచ్చాడు. తెల్ల చొక్కా, మెడలో వేలాడే కళ్లద్దాలు. ఊరి పెద్దమనుషులు ఇద్దరు వెనక నిలబడ్డారు. రాజేందర్ ఫోనులోనే మోటరు పెట్టాడు. చెయ్యి తిప్పకుండా మోటరు పెట్టడం కొంచెం గొప్పగా ఉంటుందనుకున్నాడు. పైపు రెండుసార్లు దగ్గి, తర్వాత నిండుగా, మెడ విరిగినట్టు నీళ్లు పోసింది.

"మంచిగనే పోస్తాంది రాజేందరూ."

"పోస్తది సారు. ఎండకాలం గూడ గిట్లనే."

రాజేందర్ తండ్రి ఈ ఇంటివాళ్లను దొరా అనేవాడు. రాజేందర్ అనడు. మస్కట్‌లో అరబ్బోణ్ణి కూడా పేరు పెట్టి పిలిచి వచ్చిన మనిషి, సారు అని సరిపెట్టుకుంటాడు.

చుట్ట కాలింది. ధార సన్నబడలేదు. "దోసిలి వట్టుండ్రి సారు, తియ్యగుంటయ్ నీళ్లు," అన్నాడు ఒక పెద్దమనిషి.

కరుణాకర్ రావు దోసిలి పట్టలేదు. కళ్లద్దాలు ఎక్కించుకుని జేబులోంచి ఫోను తీశాడు. కాసేపు వేలితో అటూ ఇటూ జరిపాడు. చివరికి, పిల్లవాణ్ణి జ్వరం ఎప్పటినుంచని అడిగినట్టు మెల్లగా అడిగాడు.

"ఎన్ని రోజులాయె పండవెట్టి?"

"గదేం మాట సారు?"

"కోపానికి రాకు. మా నాయన గూడ పండవెట్టెటోడే, ఆయన అయిదు రోజులు వెడుతుండె. నువ్వు సోమారం బందు వెట్టినవ్. గంతకు ముందు రోజుకు నలభై నిమిషాలు నడిచింది, ఆపైన నీళ్లు లేక డబ్బానే బందు చేసింది. సూడు, రోజు రోజుకు రాసున్నది."

ఫోను ముందుకు చాపాడు. రుద్రంగి పటం. పటం నిండా చుక్కలు, కొన్ని పచ్చవి, కొన్ని పసుపువి, కొన్ని ఎర్రవి. వేలు పెట్టిన చోట ఒక ఎర్ర చుక్క, దాని కింద చిన్న చిన్న గీతలు. చివరన మూడు రోజుల ఖాళీ.

రాజేందర్ ఫోను మీదికి వంగాడు. "గీండ్ల నా పేరేది సారు? నా పేరు లేదు."

"పేరెందుకయ్య? గిది నీ పొలం గాదా?"

పెద్దమనుషుల్లో ఒకడు నవ్వబోయి మీసం సరిచేసుకున్నాడు. కరుణాకర్ రావు మాత్రం నవ్వలేదు. నవ్వి ఉంటే రాజేందర్‌కు తిట్టడానికి ఇంకో పేరు దొరికేది.

"నా తోట ఎండుతాంది, నిజమే. ఎండే బోరును కొనుక్కొని రెండు ఎండలు కాపలా గాయమంటవా? నలభై నిమిషాలకు ముక్క నాకెందుకు? మొత్తం భూమి ఇస్తే చెప్పు, చెలక ధరకు తీసుకుంట. వాననీళ్లకు కుంట తవ్వుకుంట." అని కారెక్కాడు.

పైపు మాత్రం ఎవరి కోసమో నిండుగా పోస్తూనే ఉంది. ఇన్నాళ్లలో అంత బాగా ఎన్నడూ పోయలేదు. వసంత కాలువకు గండి కొట్టి నీళ్లు మక్కకు మళ్లించింది.

"నాతోని గంట పోస్తదన్నవ్," అంది పార కడుక్కుంటూ.

"ఇప్పుడు గది గావలసొచ్చిందా నీకు?"

"గాకపోతె ఏంది? నేను కట్టుకున్నదాన్ని, నాకు అబద్ధం. ఎవడో కోరుట్ల పోరడు, ఆనికి నిజం. బాగున్నది సంసారం."

"ఆనికి నేను చెప్పలే. డబ్బాకు చెప్పిన."

"డబ్బాకు నోరుంటదని తెల్వదా? నువ్వు దాసినవ్, అది చెప్పింది. ఇద్దరికిద్దరే. పొయి ఆ పిల్లగాన్ని అడుగు, నన్నెందుకు మింగుతవ్."

అడగడానికే పోయాడు. కోరుట్లలో బట్టల దుకాణం మెట్లు ఎక్కేసరికి మోకాళ్లు మొత్తుకున్నాయి. పైన చిన్న గది, రెండు కంప్యూటర్లు, ఒక ఫ్యాను. గోడకు ఏసీ ఉంది కాని నడవడం లేదు. తర్వాత తిట్టేటప్పుడల్లా రాజేందరే దాన్ని నడిపిస్తాడు. సాకేత్ రావు పాతికేళ్ల పిల్లగాడు, గడ్డం, నిద్ర లేని కళ్లు. పక్క కంప్యూటరు ముందు అలేఖ్య అనే అమ్మాయి.

"కూసో అన్నా. నీళ్లు తాగుతవా?"

"నీళ్ల ముచ్చట చెయ్యకు సారు. కరుణాకర్ రావు నీకేమైతడు?"

"ఎవలు?"

"జగిత్యాల కరుణాకర్ రావు. నా బోరు సంగతి ఆయనకు ఎట్ల తెల్సింది? ఇద్దరు రావులే గదా, అందుకే అడుగుతున్న."

సాకేత్ రావుకు నవ్వూ వచ్చింది, విసుగూ వచ్చింది. "రావులందరు సుట్టాలేనా అన్నా? గట్లయితె నాకు ఈపాటికి పిల్లనిచ్చెటోడు దొరుకుతుండె. ఆయనెవలో నాకు తెల్వదు. నెలనెల కట్టి పటం సూసెటోల్లుంటరు, అండ్ల ఉన్నడు గావచ్చు."

అప్పుడు కూర్చోబెట్టి చెప్పాడు. యాప్ ఊరికే ఇచ్చారు. దాన్ని నడిపే సర్వరుకు కిరాయి కట్టాలి. కరెంటు, గది, అలేఖ్య జీతం. రైతులు కట్టరు. అందుకని బోర్లన్నిటి లెక్క ఒక పటంగా చేసి అమ్ముతున్నారు. బోరు లారీలవాళ్లు, పైపులవాళ్లు, భూములు చూసేవాళ్లు కొంటారు.

"అంటె నా బోరు సూపెట్టి నువ్వు కిరాయి కడుతున్నవ్."

"నీ పేరు ఎక్కడ లేదన్నా. ఫోన్ నంబర్ తీసేసినం, ఆధార్ తీసేసినం, సర్వే నంబర్ గూడ తీసేసినం. చుక్క ఒక్కటే ఉంటది. ఎవలన్న సూస్తే ఎవలదో తెల్వది."

"హైదరాబాదోనికి తెల్వది! మా ఊరోనికి తెల్వదా? బోరు పక్కన యాప చెట్టు, చెట్టు పక్కన కరెంటు గద్దె, గద్దె పక్కన రావుసాబు తోట. చుక్క ఆడ వెడితె నా ఫోటోకు దండేసి పెట్టినట్టే గదా! పేరు తీసేసిన అంటున్నవ్. పేరు ఎవనిగ్గావాలె? మా ఊల్లె నన్ను పేరువెట్టి పిలిచెటోడే లేడు. ఫలాన బోరాయన అంటరు."

సాకేత్ రావు పటం తెరిచి ఆ చుక్కను పెద్దది చేసి చూశాడు. అతనికి ఆ సంగతి ఎన్నడూ తట్టలేదని మొహం చూస్తేనే తెలుస్తోంది. అది రాజేందర్‌కు ఇంకా మంట పెట్టింది. కావాలని చేసినవాడి కాలరు పట్టుకోవచ్చు. తట్టనివాణ్ణి ఏం చేస్తాం?

"నువ్వు ఒప్పుకున్నవ్ గదన్నా," అని చివరికి కంప్యూటరు తిప్పాడు. కిందికి జరిపినకొద్దీ ఇంగ్లీషు వస్తూనే ఉంది. అడుగున ఒక టిక్కు. రాజేందర్ వేలు సిరిసిల్ల దుకాణంలో ఒత్తిన టిక్కు.

"ఏడో తరగతోడు ఒత్తిండంటె చదివే ఒత్తిండనుకుంటివా?"

"పన్నెండు చదివినోడు గూడ చదువడన్నా. నేను గూడ చదువ."

తీసేయమన్నాడు రాజేందర్. మొత్తం తీసేయాలి, తనకూ ఆ పటానికీ సంబంధం ఉండొద్దు. తీసేస్తే ఫోనుతో మోటరు నడవదు మరి అన్నాడు సాకేత్ రావు. నడవకపోతే నడుస్తాను అన్నాడు రాజేందర్. అలేఖ్య వివరాలు తెరిచింది.

"కారణం ఏం వెట్టాలె కాకా? యాప్ నచ్చలేదు, ఫోన్ మార్చిన, ఇతరములు."

"ఇజ్జత్ వోయింది అని ఉన్నదా?"

"లేదు కాకా."

"గట్లయితె ఇతరములు వెట్టు."

"ఇంతకుముందు సూసినోల్ల ఫోన్లల్లకెల్లి పోతదా?" అని మెట్ల దగ్గర ఆగి అడిగాడు.

"మల్ల తెరిసినప్పుడు కొత్త పటం వస్తదన్నా. అండ్ల నీ లెక్క ఉండదు." ఆ మాటలో మాత్రం సాకేత్ రావు అబద్ధం చెప్పలేదు.

కరుణాకర్ రావు ఎట్లాగూ చూసేశాడు. రాజేందర్ ఇంకో గిరాకీ కోసం తిరిగాడు. తంగళ్ళపల్లిలో మరమగ్గాలు నడిపే సంజీవ్‌కు మగ్గాల మీద విసుగు పుట్టి, నీళ్లున్న చిన్న ముక్క కొని కూరగాయలు వేద్దామని ఉంది. కరుణాకర్ రావు అంత ఇవ్వకపోయినా గిర్నికి సరిపడా ఇస్తానన్నాడు. రాజేందర్ మళ్లీ బోరును పండబెట్టాడు. ఈసారి నడిచి పోయి, స్వయంగా ఫ్యూజు పీకి, జేబులో వేసుకుని వచ్చాడు. వాడిన మక్క మళ్లీ వాడింది. వసంత ఈసారి పార గోడకు ఆనించి లోపలికి పోయింది.

సంజీవ్ మోటారు సైకిలు మీద వచ్చాడు. మాటకారి. పైపు నిండుగా పోస్తుంటే చెప్పులు విడిచి కాలువలో దిగాడు.

"అబ్బ, సల్లగున్నయన్నా. మగ్గాల కాడ మోత విని విని చెవులు పోయినయ్. ఈడ గీ సప్పుడు సాలు నాకు."

"తీసుకో తమ్మీ. దినాం వినచ్చు."

సంజీవ్ వంగి దోసిలి పట్టాడు. నీళ్లు దోసిలి నిండి మోచేతుల వెంట కారాయి. మూతి దాకా తెచ్చాడు. పెద్దమనుషులు ముందుకు వంగారు.

అంతలో జేబులో ఫోను మోగింది. సంజీవ్ దోసిలి వదిలి, తడి చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని ఎత్తాడు. అతని బావమరిది. ఇటు మాటే వినిపించింది. "ఆ, ఈన్నే ఉన్న... నీళ్లు మస్తున్నయ్ రా... పటమా? ఏం పటం?... పంపు, పంపు."

ఫోనులో పటం వచ్చింది. సంజీవ్ ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు.

"అన్నా, ఊరంత చుక్కలున్నయ్. పచ్చయ్, ఎర్రయ్. యాప చెట్టు కాడ గిదొక్కటే బూడిద రంగు ఉన్నది. ఏంది?"

"కరాబైంది గావచ్చు."

"కరాబు గాదు. కింద రాసిండు. బూడిద రంగంటె వివరాలు తీసేయించుకున్నయట." కాసేపు పైపును చూశాడు, కాసేపు రాజేందర్‌ను చూశాడు. "ఊరందరు ఉంచుకున్నరు, నువ్వొక్కనివే ఎందుకు తీసేయించుకుంటివన్నా?"

"నా ఇష్టం తమ్మీ. నా బోరు."

"నీ ఇష్టమే, కాదంటలేను. ఎర్రదుంటె ఎర్రదానికి ఎంతనో మాట్లాడుకుంటుంటిమి. దాసినదానికి ఏం మాట్లాడుత? ఎంత దాసినవో నాకెట్ల ఎరుక?" చెప్పులు వేసుకున్నాడు. పోతూ పోతూ "నారాజ్ గాకు అన్నా," అని భుజం మీద చెయ్యి వేసి పోయాడు. ఆ చెయ్యి తడి చొక్కాకు అంటింది.

రాజేందర్ అక్కడే గట్టు మీద కూర్చుని సాకేత్ రావుకు ఫోను చేశాడు.

"బూడిద ఎందుకు వెట్టినవ్ సారు?"

"ఊకె తీసేస్తే పటంల బొక్క వడ్డట్టు కొడుతదన్నా. అందుకే గ్రే వెట్టినం. అండ్ల నీ లెక్క ఒక్కటి గూడ లేదు, నేను చెప్పినట్టే చేసిన."

"చేసినవ్. బట్టలిప్పితివి, ఇప్పిన బట్టలు మల్ల ఇయ్యమంటె నెత్తి మీద కప్పితివి."

"అన్నా, మల్ల చేరుతె ఎర్ర చుక్క వస్తది. చేరుతవా?"

రాజేందర్ ఫోను పెట్టేశాడు. ఎర్ర చుక్క అయితే చెలక. బూడిద చుక్క అయితే చెలక కంటే అనుమానం. ఎవడి బోరు వాడికే తెలిసిన రోజుల్లో అందరూ సమానంగా అబద్ధం ఆడేవారు. ఇప్పుడు ఊళ్లో ఏదో దాస్తున్నవాడు అతనొక్కడే అయ్యాడు.

పున్నమి ముందు రోజు పెంటయ్య కబురు పెట్టాడు. మెట్‌పల్లి మనిషి వచ్చి యంత్రం చూసుకుని పోయాడట. "రేపటి దాక నీ మాట మీదనే ఉంట అల్లుడా," అన్నాడు ఫోనులో. సగం దగ్గే వినిపించింది.

ఇంట్లో వసంత ఒక్క మాటే అడిగింది. "గిర్ని లేకుంటె ఏం జేత్తవ్? ఆ నలభై నిమిషాలు గూడ రేపో మాపో బందు. నీ మోకాల్లకు కూలికి ఎవడు విలుస్తడు?"

"భూమి మొత్తం పోతదే."

"ఎండిన భూమిని ముంగటేసుకొని కూసుందామా? నీ ఇష్టం. నన్ను మాత్రం గంట పోస్తదని నమ్మియ్యకు."

జగిత్యాలలో కరుణాకర్ రావు ఇంట్లో శోభారాణి తలుపు తీసింది. ఆయన భార్య, మెత్తటి మనిషి. కుర్చీ చూపించి చాయ్ తెచ్చింది. రాజేందర్ కుర్చీ అంచున కూర్చున్నాడు. బస్సులో వస్తూ మాటలన్నీ పేర్చుకున్నాడు. ఇరవై గుంటలు కాకపోతే ముప్పై అనాలి. ముప్పై కాకపోతే ఎకరం. ఎకరం దగ్గర గట్టిగా నిలబడాలి.

"ఎకరం తీసుకోండ్రి సారు. బోరుతోని. ధర మీ ఇష్టం."

"ముక్క వద్దన్న గదా రాజేందరూ. కుంటకు జాగ సాలది. మొత్తమైతె రేపే బయానా ఇస్త. లేకుంటె లేదు. బలవంతమేం లేదు."

నిజంగానే బలవంతం లేదు. ఆయన గొంతు పెంచలేదు, తొందర పెట్టలేదు. తోటలో చెట్లు కొన్ని కొట్టేయించాలనుకుంటున్నానని, వయసు మీద పడిందని, తన మోకాళ్లు కూడా నొస్తున్నాయని చెప్పాడు. రాజేందర్ చాయ్ కప్పు కింద పెట్టాడు. ఇంకొక్కసారి అడుగుదామని నోరు తెరిచాడు.

"అర్ధ ఎకరమన్న నాకు ఉంచుండ్రి దొరా."

ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. తండ్రి నోట్లోంచి నేరుగా వచ్చి అతని నాలుక మీద కూర్చున్నట్టుంది. మస్కట్ ఎండలో ఇన్నేళ్లు ఎండబెట్టుకున్నా పోలేదు. కరుణాకర్ రావు విన్నాడో లేదో, కిటికీ దిక్కు చూస్తున్నాడు. శోభారాణి మాత్రం ఖాళీ కప్పు తీసుకుంటూ, "ఇంకొంచెం చాయ్ పోయనా?" అని అడిగింది.

"వద్దమ్మా," అన్నాడు రాజేందర్. "మొత్తమే తీసుకోండ్రి సారు."

చెలక ధరకు మొత్తం పోయింది. గిర్నికి ఇచ్చి, తూకం కాటాకు ఇచ్చి, కూతురు అక్షిత పేరు మీద బ్యాంకులో కొంచెం వేస్తే ఇక మిగిలిందేమీ లేదు. పెంటయ్య తాళంచెవి ఇచ్చి, వెల్గటూర్ బస్సెక్కి, కిటికీలోంచి దగ్గుతూ చెయ్యి ఊపాడు.

ఇప్పుడు వేప చెట్టు దగ్గర పెద్ద యంత్రం కుంట తవ్వుతోంది. గిర్ని దగ్గరికి మన్ను లారీల చప్పుడు వినిపిస్తుంది. రాజేందర్ పిండి మొహంతో బల్ల మీద కూర్చుని వింటాడు. మొన్న ఒక పిల్లగాడు వచ్చి, గిర్నికి ఒక యాప్ ఉంది, గిరాకీల పేర్లు నంబర్లు అందులో రాసుకుంటే మంచిదన్నాడు. రాజేందర్ మిరప పిండి సంచీ అతని ముందు దులిపాడు. పిల్లగాడు తుమ్ముకుంటూ పోయాడు.

"గిర్ని అచ్చింది గదా. ఇగ ఊకోరాదు," అంటుంది వసంత జల్లెడ పడుతూ. "ఆ కోరుట్ల పిల్లగాని పేరు దినాం ఎత్తితె ఏమొస్తది?"

రాజేందర్ ఊరుకోడు. అయితే లెక్క తప్పు చెప్పడు. పోయింది రెండెకరాల పది గుంటలని ఎవరైనా అంటే వెంటనే దిద్దుతాడు. అందులో ఇరవై గుంటలు తాను అమ్ముకోవాలనుకున్నవే, అవి సాకేత్ రావు మీద వెయ్యడు. సాకేత్ రావు మీద వేసేది ఎకరం ముప్పై గుంటలు.